చెత్తబుట్ట బోర్లించి చూస్తే ఏం తెలిసిందంటే...

ఈరోజు ఎపిసోడ్ చెత్త గురించి. ఆగండాగండి, స్క్రోల్ చేసేయకండి! వెదురు బ్రష్షులూ, గాజు సీసాలూ కొనమని చెప్పను. కొత్త సామాన్లు కొని చెత్త తగ్గించడమేంటో నాకెప్పుడూ అర్థం కాలేదు.

ముందు మా ఊరి సంగతి. నరసాపురం వశిష్ఠ గోదావరి ఒడ్డున ఉంటుంది. పంటు ఎక్కి సఖినేటిపల్లి దాటితే అంతర్వేది, అక్కడే గోదారి సముద్రంలో కలుస్తుంది. అంటే నది దారిలో దాదాపు చివరి ఊరు మాది. వీధి డ్రెయిన్లో పడ్డ కవరు వానొస్తే కాలువలోకి, అక్కణ్ణుంచి సముద్రం వైపుకి పోతుంది. మధ్యలో ఇరుక్కుందా, మురుగు పొంగి మన గుమ్మంలోకే వస్తుంది. అసలే పల్లపు నేల.

మొన్నామధ్య మా ఇంటి మూడు రోజుల చెత్తని పాత పేపర్ల మీద బోర్లించి వేరు చేశాను. అమ్మ తిట్టింది, అది వేరే విషయం. బరువంతా దేనిదనుకున్నారు? కూరగాయల తొక్కలు, అరటి తొక్కలు, మిగిలిన అన్నం, టీ పొడి. పాల ప్యాకెట్లు, కవర్లు, అట్టపెట్టెలు చూడ్డానికి బోలెడున్నా బరువు లేవు. కానీ అట్టలన్నీ పప్పులో నానిపోయాయి. పాత సామాన్లు కొనే ఆయన వాటిని ముట్టుకోడు కూడా. అసలు సమస్య ఇదే. తడి చెత్త పొడి చెత్తని పాడుచేస్తుంది, డబ్బులొచ్చే వస్తువు డంపింగ్ యార్డుకి పోతుంది. అక్కడ గాలి తగలకుండా కుళ్లితే మీథేన్ పుడుతుంది. వందేళ్ల లెక్కలో అది కార్బన్ డయాక్సైడ్ కన్నా సుమారు 28 రెట్లు ఎక్కువ వేడి పెంచుతుంది.

2021 అక్టోబర్ 2న మన రాష్ట్రంలో క్లాప్ కార్యక్రమం మొదలైంది, గుర్తుందా? ఆకుపచ్చ బుట్ట తడికి, నీలం పొడికి, ఎరుపు ప్రమాదకరమైన వాటికి. మా బంధువులింట్లో నీలం బుట్టలో ఇప్పుడు ఉల్లిపాయలున్నాయి!

నేనేం చేశానంటే, పాత పెయింటు బకెట్‌కి కిందా పక్కలా చిల్లులు పెట్టి, రెండు ఇటుకల మీద నిలబెట్టి మూత పెట్టాను. వీడియోల్లో గొయ్యి తవ్వమంటారు. మా వైపు కుదరదండి, కాస్త తవ్వితే నీళ్లు, వానాకాలంలో గొయ్యంతా కంపు. గుప్పెడు తొక్కలు వేస్తే, దాని మీద రెండు గుప్పెళ్లు కొబ్బరి పొట్టో ఎండుటాకులో వేయాలి. అప్పుడప్పుడు కాస్త పుల్ల మజ్జిగ చల్లి కలపాలి. అంతే.

మొదటి వారం నాది ఫ్లాపే. నూనె కూర, రొయ్యల తొక్కలు అన్నీ పడేశాను. పురుగులు! పక్కింటి పిన్నిగారు గోడ మీంచే చీవాట్లు పెట్టారు. పొట్టు ఎక్కువ వేసి, రోజూ కలిపితే నాలుగు రోజుల్లో వాసన పోయింది. చేపలు, రొయ్యల వ్యర్థాలు మాత్రం బకెట్లో వద్దు, కొబ్బరిచెట్టు మొదట్లో లోతుగా పూడ్చేయండి. రెండు నెలలకి నల్లటి మట్టిలాంటి ఎరువొచ్చింది, తొలకరి వాసనతో. ఇప్పుడు పిన్నిగారే మల్లెమొక్కకి అడుగుతున్నారు.

చేపల బజారుకి స్టీలు డబ్బా పట్టుకెళ్తున్నాను. మొదట్లో చేపలమ్మే మామ్మ నవ్వింది, ఇప్పుడు కవరు తియ్యకుండానే డబ్బాలో వేసేస్తోంది. 2022 డిసెంబర్ 31 నుంచి 120 మైక్రాన్ల కన్నా పల్చటి ప్లాస్టిక్ క్యారీబ్యాగులు దేశమంతా నిషేధం. పట్టుకుంటే చిరిగిపోయే కవర్లన్నీ ఆ లెక్కలోవే.

కాలేజీ సంగతి చిన్నదే. వాడి పారేసే పెన్ను బదులు రీఫిల్ వేసేది కొనండి, రఫ్ వర్క్‌కి కాగితం రెండోవైపు వాడండి.

ఆఫీసులో మాత్రం టీ కప్పు! పేపర్ కప్పు పూర్తిగా కాగితం కాదు, లోపల పల్చటి ప్లాస్టిక్ పొర ఉంటుంది. 2020లో ఐఐటీ ఖరగ్‌పూర్ వాళ్లు చూస్తే, 100 మిల్లీలీటర్ల వేడి ద్రవంలోకి 15 నిమిషాల్లో దాదాపు 25,000 సూక్ష్మ ప్లాస్టిక్ రేణువులు వచ్చాయి. నా డెస్కులో ఒక స్టీలు గ్లాసు పెట్టుకున్నాను, కడుక్కోవడం నా పనే.

పాడైన ఫోన్ బ్యాటరీ, పవర్ బ్యాంక్ మామూలు చెత్తలో వేయకండి. నలిగితే అంటుకుంటాయి. విడిగా ఉంచి ఎలక్ట్రానిక్ వ్యర్థాలు తీసుకునేవాళ్లకే ఇవ్వండి.

ఇన్ని చేసినా మా బుట్టలో ఇంకా మిగులుతున్నవి షాంపూ సాచెట్లు, చిప్స్ ప్యాకెట్లు. ప్లాస్టిక్, అల్యూమినియం పొరలు అతుక్కుని ఉంటాయి కాబట్టి పాత సామాన్ల ఆయన కూడా వద్దంటాడు. సాచెట్లు మానేసి పెద్ద సీసా కొంటున్నాం. చిప్స్ విషయంలో మా తమ్ముడితో ఇంకా గొడవే నడుస్తోంది.