ఏటికొక బొమ్మ

కొందరిండ్ల దసరాకును, కొందరిండ్ల సంక్రాంతికిని బేసిసంఖ్యలో మెట్లు కట్టి, వానిపై తెల్లని వస్త్రము పరచి, బొమ్మలను తీర్చి, ఇరుగుపొరుగు ముత్తైదువులను పేరంటమునకు పిలిచి, శనగలును తాంబూలమును ఇచ్చి పంపుట మన తెలుగు గృహములలో తరతరములుగా వచ్చుచున్న వేడుక. ఈ వేడుకలో పెద్దలు పెట్టిన నియమ మొకటి కలదు. ఉన్న బొమ్మలు ఎన్నియైనను, ఏటేట నొక క్రొత్తబొమ్మనైనను కొలువులో చేర్చవలెను. ఈ చిన్న నియమము వలననే మన యాడువారు, తమకు తెలియకుండగనే, బొమ్మలను కూడబెట్టువారైరి. అత్తగారి బొమ్మలకు కోడలి బొమ్మలును, వానికి మనుమరాలి బొమ్మలును చేరి, ఒక్కొక్క యింట పెట్టెలకు పెట్టెలు నిండినవి.

అయితే నేడు పెక్కుమంది సోదరీమణులు పైకి చెప్పకున్నను మనసులో నొక సంగతి దాచుకొనుచున్నారు. పెట్టె తెరచునప్పటి సంతోషము మునుపటివలె లేదు. క్రొత్తబొమ్మ కొనుట వేడుక గాక పన్నువలె తోచుచున్నది. మానుదమన్న, పట్టిన వ్రతమును విడిచినట్లగునేమో యని భయము. ఈ యుత్సాహము ఏల తగ్గుచున్నది? తగ్గుట దోషమా? తగ్గినప్పుడు గృహిణి చేయదగిన దేమి? ఇవి యోచింపదగిన విషయములు.

మా నిజామాబాదు ప్రాంతమున ఈ సంగతిని చూచుటకు మంచి యవకాశము కలదు. ఇచటి స్త్రీల సొంత పండుగ బతుకమ్మ. బొమ్మల కొలువు చాలవరకు వలసవచ్చినవారి వెంట వచ్చినది. 1923లో మొదలై 1931 నాటికి నిజాంసాగరము పూర్తికాగా, కోస్తా జిల్లాల రైతులు బోధను, వర్ని ప్రాంతములకు వచ్చి వరియు చెరకును పండింపసాగిరి. వారు నెలకొల్పుకొన్న పల్లెలను నేటికిని క్యాంపు లనియే పిలుతురు. 1937లో బోధనున నిజాము చక్కెర కర్మాగారము వెలసినది. 1963లో జవహర్‌లాల్ నెహ్రూగారు పోచంపాడు ప్రాజెక్టునకు శంకుస్థాపన చేసిరి. పొలమునకును, కర్మాగారమునకును, ఆనకట్టకును వచ్చిన కుటుంబముల సామానులలో కొండపల్లి బొమ్మల పెట్టెలును వచ్చినవి. వచ్చినవారికి ఇచట నదికి ఆవలనే మరియొక బొమ్మల యూరు కనబడినది. పోచంపాడునుండి నాగపూరు రహదారిని పోయి గోదావరిని దాటినచో నిర్మల వచ్చును. అందుచేత మా వైపు కొలువులలో కొండపల్లి యంబారీ యేనుగు ప్రక్కన నిర్మల జామపండు కూర్చుండుట పరిపాటియైనది.

ఈ రెండూళ్ల బొమ్మలకును మూలము ఒక్క జాతి చెట్టే. పొనికి యను ఆ చెట్టు కర్ర మిక్కిలి తేలికయై, ఉలికి మెత్తగా లొంగును. కర్రను బాగుగా ఆరనిచ్చి, కాలుసేతులను, తలను వేరువేరుగా చెక్కి యతికింతురు. చింతగింజల జిగురును రంపపుపొట్టుతో కలిపి నూరిన ముద్దతో అతుకులను, కనుముక్కు తీరును దిద్దుదురు. తెల్లనిపూత పూసి యారిన పిమ్మట రంగులు వేయుదురు. కొండపల్లివారు దశావతారములకును, పల్లె బ్రతుకును చూపు బొమ్మలకును ప్రసిద్ధులు. నిర్మలవారు ఫలములకును, కూరగాయలకును, పక్షులకును, మృగములకును ప్రసిద్ధులు. వారి సీతాఫలమును చూచి నిజమైనదని చేయిచాచిన పిల్లలు మా ప్రాంతమున లెక్కకు మిక్కిలి. నిర్మల బొమ్మలకు 2009లో భౌగోళిక గుర్తింపు లభించినది.

ఇంతటి బొమ్మలయందు విసుగు పుట్టుట కేమి కారణము? బొమ్మలయందు లోపము లేదు. వానిని చేర్చు తీరులోనే మార్పు వచ్చినది.

పూర్వము క్రొత్తబొమ్మ సులభముగా దొరకెడిది కాదు. నిర్మలకు పోవువారెవరైన నుండిన చెప్పి పంపవలెను. లేదా బస్సెక్కి తామే పోయి, నాలుగు దుకాణములు తిరిగి, బేరమాడి, గడ్డిలో చుట్టించి, ఒడిలో పెట్టుకొని తేవలెను. ఆ బొమ్మను చూచినప్పుడెల్ల ఆ ప్రయాణమును, ఆ యేటి పంటయు, కడుపులోనున్న బిడ్డయు జ్ఞప్తికి వచ్చెడివి. నేడు చేతిలోని ఫోనును తాకిన మూడవనాటికి బొమ్మ గుమ్మములో నుండును. కష్టము తప్పినది, మంచిదే. కాని ఆ కష్టముతోపాటు బొమ్మకు అంటియుండిన కథయు పోయినది. కథలేని బొమ్మ పెట్టెలో చోటు పట్టుకొనును గాని మనసులో పట్టుకొనదు.

రెండవ కారణము అంతులేకపోవుట. దశావతారములు పది. పదియు చేరిన నాడు ఇల్లాలికి ఒక పని ముగిసిన తృప్తి కలుగును. నేటి బొమ్మల వ్యాపారమునకు ముగింపనునది గిట్టదు. మన పిల్లవాండ్రు కూడబెట్టు చిన్న కారుబొమ్మలనే చూడుడు. అమెరికాలోని మాటెల్ సంస్థవారు 1968లో హాట్ వీల్స్ అను పేర పదునారు కార్లతో వానిని మొదలిడిరి. నాటినుండి ఏటేట క్రొత్తవి వచ్చుచునే యున్నవి. అన్నిటిని సంపాదింతునన్న బాలుడు పెరిగి పెద్దవాడై, విసిగి, మానుకొనవలసినదే. ఆ దేశములలో ఇట్లు ఏండ్లతరబడి బొమ్మలను కూడబెట్టి, ఒకనాడు ఆసక్తి పోయి, నిండిన యలమరల యెదుట దిక్కుతోచక నిలుచు పెద్దవారు ఎందరో కలరు. మన కొలువుకును ఇప్పు డదేగతి పట్టుచున్నది. ఏటికొక బొమ్మ యన్న నియమము, ఏటికొక క్రొత్త తరహా కొలువుగా మారినది. పేరంటమునకు వచ్చినవారు బొమ్మలను చూచుట మాని వాని సంఖ్యను చూచుచున్నారు. పోటీ ప్రవేశించిన చోట ప్రీతి నిలువదు.

మూడవది చాకిరి. వందలకొలది బొమ్మలను దించుట, తుడుచుట, తీర్చుట, మరల చుట్టి సర్దుట పూర్వము నలుగురు తోడికోడండ్రు కలిసి చేసిన పని. నేడది ఒక్కతె నెత్తిన పడినది. ఇండ్లును చిన్నవైనవి. 2015లో బోధను కర్మాగారము మూతపడిన పిమ్మట పనికొరకు ఊరు విడిచి, పట్టణములలో రెండుగదుల యిండ్లలో సర్దుకొన్న కుటుంబములను తలచుకొనుడు. పొట్టకూటికై పోవువారు బొమ్మల పెట్టెలను ఎచటికి మోయుదురు?

బోధను సమీపమున ఒక క్యాంపు గ్రామములో నేనెరిగిన వృద్ధ ముత్తైదువ యొకరు కలరు. ఆమెకు పుట్టింటి బొమ్మలును, అత్తింటి బొమ్మలును రెండును సంక్రమించినవి. కుమార్తె విదేశమున నున్నది; ఆ బొమ్మలు తనకు వలదని స్పష్టముగా చెప్పినది. ఒకనాడామె నాతో, "అమ్మాయీ, బొమ్మ కొనకున్న నేమగునో యను భయమే కాని, కొనవలెనను కోరిక నాకు పోయి పదియేండ్లైనది" అనెను. ఇట్టి మాటను నోట ననలేక ఎందరు స్త్రీలు ఏటేట బొమ్మలు కొనుచున్నారో గదా! పండుగ భయముచేత సాగిన, అది యింటికి శోభ నీయదు. ఇల్లాలి ప్రాణమును తినును.

కోరిక సన్నగిల్లుట ధర్మలోపము కాదు. విరాటపర్వములోని యుత్తరను స్మరింపుడు. బృహన్నల సారథియై యుద్ధమునకు బోవుచుండగా ఆ బాల యడిగినది రాజ్యము గాదు, నగలు గాదు. తన బొమ్మలకు చుట్టుటకు కౌరవవీరుల రంగురంగుల వస్త్రములు. అర్జునుడు మరువక వానిని తెప్పించి యిచ్చెను. కొలదిదినములకే ఆమె యభిమన్యునకు ఇల్లాలయ్యెను. ఆ బొమ్మలు పిమ్మట నేమైనవని యెవ్వరు నడుగలేదు. ఉత్తర చంచలచిత్త యని యెవ్వరు ననలేదు. ఒక వయసునకు తగిన ప్రీతి ఆ వయసులో నిండుగా నుండుటే దానికి సార్థకత. బొమ్మ చేర్చని యేట కీడు మూడునని నేను చదివిన పురాణములలో నెచటను కానరాలేదు.

ఈ విషయమున మా ప్రాంతపు బతుకమ్మ మనకు మంచి పాఠము చెప్పుచున్నది. కొలువు తీరు ఆ దసరా దినములలోనే తెలంగాణ స్త్రీలు తంగేడు, గునుగు, బంతిపూలను వరుసలుగా పేర్చి, చుట్టును తిరిగి పాడి, తుదకు ఆ పూలరాశిని చెరువులోనో, ఏటిలోనో విడుతురు. దాచుటకు పెట్టె లేదు, లెక్కించుటకు సంఖ్య లేదు. ఏటేట క్రొత్తపూలు, క్రొత్త యుత్సాహము. ఒక పండుగ కూడబెట్టుట నేర్పినది. మరియొకటి విడుచుట నేర్పినది. గృహిణికి ఈ రెండు విద్యలును కావలెను.

మనవలె మెట్లమీద బొమ్మలు తీర్చు జపానువారు ఈ రెండింటిని కలుపుకొనిరి. వారు మార్చి 3వ తేదీన బాలికల క్షేమము కోరి రాజును, రాణిని, పరివారమును మెట్లమీద నిలుపుదురు. ఆ దేశములోనే వకయమ మండలమున అవషిమ యను దేవాలయమున అదే దినమున పాతబొమ్మలను పడవలలో నుంచి సముద్రమున విడుతురు. ఇతర దేవాలయములలోను, బొమ్మలను కొనిపోయి, ఇన్నాళ్లు తోడున్నందుకు కృతజ్ఞత చెప్పి, పూజచేయించి సాగనంపు ఆచారము కలదు. మన కొన్ని యిండ్లలోను కొలువు చివరినాటి రాత్రి ఒక బొమ్మను పండబెట్టి వేడుక ముగింతురు. ముగింపును గౌరవముతో చేయుట మనకును క్రొత్త గాదు.

"మనము కొనుట మానిన బొమ్మలు చేయువారి గతి యేమి?" అని కొందరు ప్రశ్నింపవచ్చును. ఇది న్యాయమైన ప్రశ్న. నిర్మల పనివారికి నేడు పొనికి కర్ర దొరకుటే కష్టమైనది. అడవిలో ఆ చెట్లు తగ్గినవి, నాటిన చెట్టు ఎదుగుటకు ఏండ్లు పట్టును. ఇట్టి కర్రతో చేసిన బొమ్మను లెక్కకొరకు కొని, పెట్టె యడుగున పడవేయుట పనివానికి గౌరవము కాదు. సంఖ్యకొరకు కొనువారు చవుకదానినే వెదకుదురు. చవుకది కావలెనన్న అచ్చుపోసిన ప్లాస్టికు బొమ్మ సిద్ధముగా నుండనే యున్నది. ఏటేట నొకటి కొనుటకు మారుగా, నాలుగేండ్ల కొకసారియైనను మంచి పనితనము గల బొమ్మను తగిన వెల యిచ్చి కొనుడు. పెండ్లికి, బారసాలకు, బడిలో బహుమానమునకు స్టీలుగిన్నె బదులు నిర్మల పక్షిని ఇచ్చి చూడుడు. అప్పుడు పనివానికి కొనువారు తగ్గరు, మన యింట పెట్టెలు పెరుగవు.

ఇక నున్న బొమ్మల సంగతి. మొదట వానిని మూడుపాళ్లు చేయుడు. కథ గల బొమ్మలును, పూర్తియైన వరుసలును ఒక పాలు. ఇవి యింట నుండవలసినవి. మంచిస్థితిలో నుండియు మనకు చేరువ గానివి రెండవపాలు; వీనిని క్రొత్తగా కొలువు మొదలిడు కోడలికో, పక్కింటి బాలికకో, అంగన్‌వాడీ పిల్లలకో పసుపు కుంకుమలతో నీయుడు. విరిగినవి మూడవపాలు, రంగు పెచ్చులూడెడు వానిని మాత్రము పసిపిల్లల చేతికి ఈయరాదు, వారు నోట పెట్టుకొందురు. ఇంట నుంచుకొను పొనికి బొమ్మలను నీటితో కడుగకుడు. పొడి మెత్తని గుడ్డతో తుడిచి, ఎండ తగులనిచోట నారబెట్టి, పాత నూలుచీరముక్కలలో చుట్టి, ఎండిన వేపాకును నడుమ వేసి, చెమ్మ తగులని యెత్తైన చోట నుంచుడు. మట్టిబొమ్మలను వేరు పెట్టెలో, బరువువి క్రిందను తేలికవి పైనను ఉండునట్లు సర్దుడు.

పైన చెప్పిన వృద్ధురాలు దశావతారముల వరుసను మాత్రము తనకు నిలుపుకొని, తక్కినవానిని ఊరి బాలికలకు పంచిపెట్టినది. ఇచ్చునపుడు ఒక్కొక్క బొమ్మ కథయు చెప్పి మరి యిచ్చినది. ఆ యేడు ఆమె యింట మెట్లు మూడే. ఆ యూరిలో క్రొత్తగా కొలువు వెలసిన యిండ్లు నాలుగు.

సోదరీమణులారా, రానున్న పండుగకు పెట్టె తెరచునపుడు ఈ యేటి క్రొత్తబొమ్మ యేదని వెదకుటకు ముందు, ఉన్న బొమ్మలలో నేది యెవరి చేతికి పోవుటకు ఎదురుచూచుచున్నదో ఒకసారి నెమ్మదిగా చూడుడు.