ఇంటి దొంగకు చైనా మాట

పెనుకొండ దగ్గరి కియా కార్ల ఫ్యాక్టరీలో ఇంజన్లు మాయమైన సంగతి 2025 ఏప్రిల్‌లో ఊరూవాడా తెలిసింది. ఒకటీ రెండూ కాదు, 900 దాకా. కొన్నేళ్లుగా కాసిన్ని కాసిన్నిగా పోయాయనీ, లోపలివాళ్ల చెయ్యి లేకుండా ఇది జరగదనీ పోలీసులు అనుమానించారు. ఆ వార్త చదివి, ఇంటి దొంగను ఈశ్వరుడైనా పట్టలేడని చాలామందే అనుకుని ఉంటారు.

చైనావాళ్లు ఇదే సంగతిని నాలుగు అక్షరాల్లో తేల్చేస్తారు: చియా చెయ్ నాన్ ఫాంగ్. ఇంటి దొంగను కాచుకోవడం కష్టం అని. ఈశ్వరుణ్ణి మధ్యలోకి లాగరు, అంతే తేడా.

ఇందులో 'చెయ్' అంటే దొంగ. చాప, చలి మాటల్లోని 'చ'తో పలకాలి. మన చెయ్యితో దానికి చుట్టరికం లేదు. అయినా దొంగతనం చేతిపనేనని అక్కడివాళ్లకూ తెలుసు. మనం చేతివాటం అంటాం, వాళ్లు జేబుదొంగను 'మూడు చేతులు' అంటారు.

చెయ్ అన్న మాటకు పెద్ద చరిత్రే ఉంది. ప్రాచీన చైనా భాషలో సొమ్ము ఎత్తుకుపోయేవాడు 'తావ్'. చెయ్ అంటే అంతకు మించిన పాపి: హంతకుడు, రాజ్యం మీద తిరగబడ్డవాడు. చైనావాళ్ల మూడు రాజ్యాల కథల్లో ఛావ్ ఛావ్ అనే సేనానిని శత్రువులు తిట్టే తిట్టు ఇదే. తర్వాత్తర్వాత తావ్ బందిపోటు వైపు జరిగింది, చెయ్ మామూలు దొంగ స్థాయికి దిగింది.

హిందూపురం పట్టుగూళ్ల మార్కెట్లో, ధర్మవరం మగ్గాల దగ్గర చైనా అనగానే పట్టే గుర్తొస్తుంది. ఆ పట్టుకూ ఓ దొంగతనం కథ ఉంది: 6వ శతాబ్దంలో కొందరు సన్యాసులు పట్టుపురుగు గుడ్లను గుట్టుగా కాన్‌స్టాంటినోపుల్ చేర్చారని చరిత్రకారుడు ప్రొకోపియస్ రాశాడు. గుట్టు పోగొట్టుకున్నవాళ్ల లెక్కన చూస్తే, ఆ సన్యాసులకు చెయ్ అన్న మాట పాత అర్థంలోనూ కొత్త అర్థంలోనూ అతుకుతుంది!

తెలుగులో 'దొంగ' ముందు చేరితే చాలు, అసలుది నకిలీ అయిపోతుంది: దొంగ నిద్ర, దొంగ సంతకం, దొంగ నోటు. చెయ్‌కు ఈ గుణం లేదు. దానిది వేరే తమాషా. ఈశాన్య చైనాలో, హార్బిన్ వైపు, దాన్ని 'మహా' అన్నట్టు వాడతారు. మనవాళ్లు 'భయంకరంగా నచ్చింది' అనడం లేదూ, అలాగే. వంట బాగుంటే 'చెయ్ రుచి', మంచు కురిస్తే 'చెయ్ చలి'. ఆ ఊరి మనిషి ఎవరైనా మే నెల మధ్యాహ్నం ధర్మవరం స్టేషన్లో దిగితే అనేది 'చెయ్ వేడి' అనే. అందులో దొంగ ఎవరూ ఉండడు.