మట్టిలోని నాణెము

లోహశోధక యంత్రమునందు ఒక తీగచుట్ట ఉండును. దానిలో విద్యుత్తు దిశ మార్చుకొనుచు ప్రవహించినపుడు చుట్టును అయస్కాంత క్షేత్ర మేర్పడును. ఆ క్షేత్రములోనికి వచ్చిన లోహమునందు స్వల్పముగా విద్యుత్తు పుట్టగా, యంత్రము ధ్వని చేయును. మట్టిలో ఏదో కలదని మాత్రమే ఆ ధ్వని తెలుపును. అది ఎచటిదో తెలిసికొనవలసినది మానవుడే.

అమెరికాలో రోడ్ ఐలండ్ రాష్ట్రమందలి మిడిల్‌టౌన్ పండ్లతోటలో 2014లో ఇట్టి యంత్రముతో వెదకుచున్న యొకరికి చిన్న వెండినాణెము దొరకినది. దానిపై అరబ్బీ లిపి కలదు. అది 1693లో యెమన్ దేశమున ముద్రితమైనదని పరిశోధనలో తేలినది. ఆంగ్లేయుల వలసభూమికి ఆ నాణె మెట్లు చేరెను?

1695 సెప్టెంబరులో హెన్రీ ఎవరీ అను ఆంగ్లేయ ఓడదొంగ, మక్కా యాత్రికులతో సూరత్తునకు మరలివచ్చుచున్న ఔరంగజేబు నౌక ‘గంజ్-ఇ-సవాయి’ని పట్టి దోచెను, యాత్రికులు ఘోరహింసల పాలైరి. మరుసటి యేటి తరువాత ఎవరీ జాడ తెలియలేదు. అతని అనుచరులే ఈ నాణెమును తెచ్చిరని కొందరి యూహ. మసాచుసెట్స్, కనెక్టికట్ రాష్ట్రములలోను ఆనాటి అరేబియా నాణెములు దొరకుటచే ఆ యూహకు బలము చేకూరినది.

అయినను ఒక్క నాణెముతో చరిత్ర తీర్పు చెప్పజాలదు. అది ఏ చోట, ఎంత లోతున, ఏ వస్తువుల నడుమ ఉండెనో వ్రాసియుంచిననే సాక్ష్యము నిలుచును. ఆ వివరము పోయినచో మిగులునది వెండితునకయే. మన దేశమున భూమిలో దొరకిన నిధిని కలెక్టరునకు తెలుపవలెనని 1878 నాటి చట్టము విధించినది. శ్రోతలు దీనిని గుర్తుంచుకొందురు గాక.