ఉప్పునీటి చేపల తెల్లచుక్కల తెగులు – మైలుతుత్తపు చికిత్స

ఉద్దానపు కొబ్బరి రైతునకు మైలుతుత్తము క్రొత్త వస్తువు కాదు. ఒక కిలో తుత్తము, ఒక కిలో సున్నము, నూరు లీటర్ల నీటితో బోర్డో మిశ్రమము చేసి మొవ్వుకుళ్లు తెగులునకు వాడుట మన సభ్యులెరిగినదే. ఆ తుత్తమే ఉప్పునీటి తొట్లలోని చేపలకు వచ్చు రెండు తెగుళ్లకును మందు. అయితే చెట్టునకు వాడిన చేతివాటముతో చేపకు వాడినచో మందే విషమగును.

చెన్నైలోని కేంద్రీయ ఉప్పునీటి జలకృషి సంస్థవారు 1997లో పండుగప్పను తొట్లలో గుడ్లు పెట్టించి పిల్లలను పుట్టించిరి. నాటినుండి ఆ పిల్లలను పెంచుట రైతునకును సాధ్యమైనది. పండుగప్పను సిమెంటు తొట్లలో నుంచువారును, గాజుతొట్లలో సముద్రపు రంగుచేపలను పెంచువారును ఈ క్రింది సంగతులను గమనింపవలెను.

తెగుళ్ల గురుతులు: మొదటిది క్రిప్టోకారియన్ అను పరాన్నభుక్కు వలన కలుగును. చేప ఒంటిమీదను, మొప్పలందును ఉప్పురవ్వలవంటి తెల్లచుక్కలు కనబడును. రెండవది అమిలోఊడినియమ్ వలన కలుగును. ఇది సన్నని పసుపుపొడి చల్లినట్లుండును; తరచుగా మొప్పలనే ముందు పట్టుటచే, పొడి కంటబడక మునుపే చేప చచ్చుటయు కలదు. చేప గోడలకు ఒరసికొనుట, మొప్పలు వడిగా ఆడించుట, మేత మానుట చూచినంతనే జాగ్రత్త పడవలెను.

పురుగు బ్రతుకు తీరు: ఇది కొన్ని దినములు చేపను తిని, జారి తొట్టి అడుగునకు చేరును. అచ్చట గుల్ల కట్టుకొని లోపల చీలి, ఒక్కటి వందలాది పిల్లలగును. ఆ పిల్లలు వెలువడి, ఈదుచు చేపను వెదకును. తుత్తము ఈదుచున్న పిల్లలను మాత్రమే చంపును. చేపను పట్టియున్నదానిని గాని, గుల్లలోనిదానిని గాని చంపజాలదు. ఒకసారి కలుపు తీసిన మడిలో నేలనున్న గింజ మరల మొలచును గదా! ఇదియు నట్లే. కావున చుక్కలు పోయినవని మందు మానరాదు. మూడు వారములు నడుపవలెను.

మోతాదు: లీటరు నీటికి తామ్రము 0.15 నుండి 0.20 మిల్లీగ్రాముల వరకు నిలువవలెను. తుత్తపు స్ఫటికమున నాలుగవ వంతు మాత్రమే తామ్రము గనుక, వేయి లీటర్లకు సుమారు 0.8 గ్రాము చాలును. తొట్టి పొడవు, వెడల్పు, నీటిలోతు మీటర్లలో గుణించి, వేయిచే హెచ్చించిన లీటర్లు తెలియును. తుత్తమును వేరుగా కరగించి, రెండుమూడు దినములలో కొంచెము కొంచెముగా పోయవలెను. దినమునకు రెండుమార్లు తామ్రపు పరీక్షపెట్టెతో కొలువవలెను. తగ్గినచో పురుగు బ్రతుకును. హెచ్చినచో మొప్పలు చెడును.

ఈ విషయమున నేనే ఒకసారి పొరపడితిని. అడుగున గవ్వలు పరచిన తొట్టిలో తుత్తము పోసితిని. గవ్వల సున్నము తామ్రమును పీల్చుకొనగా మందు చాలలేదని తలచి, కొలువకయే మరల పోసితిని. తెల్లవారునప్పటికి చేపలన్నియు తేలియాడుచుండెను. అప్పటినుండి చికిత్స తొట్టిలో గవ్వ, ఇసుక, రాయి ఉంచను. కొలువక చుక్కమందైన పోయను.

కూడనివి: రొయ్య, పీత, ఆలిచిప్ప యున్న నీట తుత్తము వేయరాదు, అవి చచ్చును. మట్టిచెరువులో వేయరాదు, మట్టి తామ్రమును పట్టుకొనును, నాచు చచ్చి కుళ్లి ప్రాణవాయువు తరుగును. చికిత్స నీటిని ఉప్పుటేటిలోనికి విడువరాదు. తినుటకు అమ్మదలచిన చేపలకు మత్స్యశాఖవారి సలహా లేక వాడరాదు.

తుత్తము లేని మార్గము: పండుగప్ప మంచినీటను బ్రతుకగలదు. కావున తెల్లచుక్కల తెగులునకు నీటి ఉప్పును మెల్లగా సముద్రపు నీటిలో సగమునకు లోబడ తగ్గించి మూడు వారములుంచిన, పురుగు సాధారణముగ నశించును. పసుపుపొడి తెగులు మాత్రము దీనికి లొంగదు.

అన్నిటికంటె మేలైనది, క్రొత్త చేపలను మూడు వారములు వేరు తొట్టిలో నుంచి చూచుటయే. సంతలో కొన్న పశువును వెంటనే మందలో కలుపని రైతు, చేపల యెడలను ఆ నియమమునే పాటించుగాక.