సంతవీధిలో నిలిచినవారు

నారాయణగూడ నుంచి చిక్కడపల్లి మీదుగా అశోక్‌నగర్ వెళ్తుంటే ఏ గోడ చూసినా గ్రూప్స్ కోచింగ్ ప్రకటనలే. నగర కేంద్ర గ్రంథాలయంలో పొద్దున్నే వస్తేగాని కుర్చీ దొరకదు. మొన్న అక్కడ మా సంఘపు యువకుడొకరు కనిపించాడు. వయసు 31. ఏడాదిగా ఆరాధనకు రావడం లేదు.

అతని తండ్రి పదో తరగతి చదివి, 1980లలో ప్రభుత్వ ఆఫీసులో అటెండరుగా చేరాడు. ఆ జీతంతోనే ముగ్గురు పిల్లల్ని చదివించాడు, ఊళ్లో రెండు గదుల డాబా వేశాడు. కొడుకు ఎమ్మెస్సీ, బీఈడీ. ప్రైవేటు స్కూల్లో నాలుగేళ్లు పాఠాలు చెప్పాడు. చేరిన రోజు జీతానికీ మానేసిన రోజు జీతానికీ తేడా రెండు వేలు. ఇప్పుడు హాస్టలు ఫీజు తండ్రి పెన్షన్‌లోంచి వస్తోంది. ఉమ్మడి రాష్ట్రంలో 2004 సెప్టెంబరు 1 నుంచి ఉద్యోగంలో చేరినవారికి ఆ పాత పెన్షన్ కూడా లేదు. రేపు ఇతనికి ఉద్యోగం వచ్చినా తండ్రికున్న భరోసా ఉండదు.

ఇంజినీర్ల సంగతీ అంతే. పెద్ద ఐటీ కంపెనీలు 2010 ప్రాంతంలో కొత్తవారికి ఏడాదికి మూడు లక్షల పైచిలుకు ఇచ్చేవి. 2022లోనూ మూడున్నర లక్షల దగ్గరే ఆగాయి. ఈలోగా ధరలు దాదాపు రెట్టింపయ్యాయి. మరి పెరిగిన సంపద ఎటు పోయింది? 2022-23లో దేశ ఆదాయంలో 22.6 శాతం పైనున్న ఒక్క శాతం మందికే చేరిందని థామస్ పికెటీ తదితర ఆర్థికవేత్తలు 2024లో లెక్కగట్టారు.

'ఈ కాలం పిల్లలకు ఒళ్లు వంగదు' అని మన పెద్దలు తేలిగ్గా అనేస్తారు. 2022 డిసెంబరు నాటి గ్రూప్-4 ప్రకటనలో ఉన్నవి ఎనిమిది వేల చిల్లర పోస్టులు. దరఖాస్తులు తొమ్మిది లక్షలు దాటాయి. అదే ఏడాది ప్రకటించిన గ్రూప్-1 ప్రిలిమ్స్‌ను అభ్యర్థులు రెండుసార్లు రాశారు, రెండుసార్లూ రద్దయింది. 2024లో మూడోసారి రాశారు. వీళ్లనా సోమరులనేది?

మత్తయి సువార్త 20వ అధ్యాయంలో ద్రాక్షతోట యజమాని సాయంత్రం అయిదు గంటలకు సంతవీధికి వెళ్లి, ఇంకా నిలబడే ఉన్నవారిని ఎందుకిలా ఖాళీగా ఉన్నారని అడుగుతాడు. మమ్మల్నెవరూ కూలికి పిలవలేదంటారు వాళ్లు. ఈ ఉపమానాన్ని మేము ఏళ్ల తరబడి రక్షణ గురించే బోధించాం. కూలి సంగతి మా చెవికెక్కలేదు. యజమాని జవాబు విన్నాడు, పనిచ్చాడు, ఒక్క గంటే పనిచేసినవారికీ రోజు కూలి పూర్తిగా దేనారమే ఇచ్చాడు.

ఆ ప్రశ్న మా సంఘంలోనూ అడుగుతాం, జవాబు కోసం మాత్రం ఆగం. "ప్రతి ఆదివారం గుమ్మం దగ్గరే 'ఇంకా ఖాళీయేనా బాబూ' అంటారండీ. అందుకే రావడం మానేశా" అన్నాడా యువకుడు.

మాకేం మాట్లాడాలో తోచలేదు. భోజనం చేశావా అని అడిగాం.

"ఇంకా లేదండీ. నాలుగింటికి తింటే రాత్రికి మళ్లీ తినక్కర్లేదు" అన్నాడు.