మోటారు సైకిలు గొంతు

కరీంనగరంలోగాని, ఆదిలాబాదులోగాని పెద్ద బాట ప్రక్కనున్న పాఠశాలలో ఒక గంట కూర్చున్నవారికి ఈ దృశ్యం పరిచితమే. ఉపాధ్యాయుడు నల్లబల్ల మీద లెక్క విప్పి చెప్తూ ఉంటాడు. అంతలో కిటికీ అవతల ఒక మోటారు సైకిలు ఉరుముకొంటూ పోతుంది. ఉపాధ్యాయుని పెదవులు కదులుతూనే ఉంటవి. మాట మాత్రం వినిపించదు. ధ్వని దూరమయిన పిమ్మట ఆయన తెగిన దారాన్ని మళ్ళీ ముడివేసుకొంటాడు. వెనుక బెంచీలోని కుర్రవాని చూపు అప్పటికే ఆ బండి వెంట పోయి ఉంటుంది. తనకు బండి వచ్చిననాడు దానికి ఎటువంటి సైలెన్సరు బిగించవలెనో వాడు మనస్సులో నిర్ణయించుకొంటున్నాడు.

ఆ నిర్ణయం చిన్నదిగా కనిపిస్తుంది గాని, చిన్నది కాదు. అందులో భౌతికశాస్త్రమున్నది, చట్టమున్నది, ఇంటి ఖర్చున్నది, పొరుగువాని నిద్ర కూడా ఉన్నది.

సైలెన్సరన్న పేరు వెనుక ఒక తండ్రీకొడుకుల కథ ఉన్నది. తండ్రి హైరమ్ మాక్సిమ్ మరతుపాకిని కనిపెట్టినవాడు. జీవితమంతా ఆ ప్రేలుళ్ళ మధ్య గడిపి వినికిడిని పోగొట్టుకొన్నాడు. కొడుకు హైరమ్ పెర్సీ మాక్సిమ్ 1909లో తుపాకి చప్పుడును అణచే సాధనానికి పేటెంటు పొందాడు. అదే సూత్రంతో ఇంజనుల చప్పుడును తగ్గించే గొట్టాలను కూడా ఆయన తయారు చేయించాడు. ఒక తరం పుట్టించిన మ్రోతను రెండవ తరం తగ్గించ పూనుకొన్నది. నేడు మన వీధులలో కొందరు యువకులు ఆ గడియారాన్ని వెనుకకు త్రిప్పుతున్నారు.

ఇంతకూ ఆ గొట్టం చేసే పని ఏమిటి? పెట్రోలు ఇంజనులో ఒక పాలు పెట్రోలు పూర్తిగా మండుటకు తూకంలో సుమారు 14.7 పాళ్ళ గాలి కావలెను. మండిన వాయువు తీవ్రమైన వేడితో, ఒత్తిడితో బయటికి దూకుతుంది. పాత 350 బుల్లెట్టు ఇంజనులో ఉన్నది ఒకే సిలిండరు. చక్రం రెండు చుట్లు తిరిగినప్పుడు ఒక్క ప్రేలుడు. నిమిషానికి 900 చుట్లు తిరిగే నిలకడ వేగంలో క్షణానికి ఏడో ఎనిమిదో ప్రేలుళ్ళు మాత్రమే కలుగుతవి. అందుచేతనే చెవి వాటిని విడివిడిగా లెక్కించగలుగుతుంది. జనం మోజుపడే 'డబడబ' రహస్యం అదే. 1955లో మద్రాసులో ఈ బండి తయారీ కొరకు ఎన్‌ఫీల్డ్ ఇండియా సంస్థ ఏర్పడిననాటి నుండి ఆ గొంతు దేశానికి పరిచయం. దాని చుట్టూ ఒక అంగడి కూడా పెరిగింది. లాంగ్ బాటిల్, షార్ట్ బాటిల్, గోల్డ్‌స్టార్, డాల్ఫిన్, పంజాబు, ఇందోరి - ఇవి అన్నీ బుల్లెట్టు సైలెన్సర్లకు జనం పెట్టుకొన్న పేర్లు.

ఈ గొట్టాలు కొనేవారి నోట తరచుగా వినిపించే మాట ఒకటి ఉన్నది: "లోపల అడ్డు తీసివేస్తే బండికి బలం వస్తుంది." ఇందులో సగం సత్యమున్నది, ఆ సగమే మోసగిస్తుంది. గొట్టంలో పోయేది పొగ ఒక్కటే కాదు, ఒత్తిడి అల కూడా. ఆ అల గొట్టం చివరను తాకి వెనుదిరిగి వస్తుంది. అది సరియైన ఘడియకు కవాటం వద్దకు చేరితే లోపలి మిగులు పొగను లాగివేసి క్రొత్త గాలికి చోటు కల్పిస్తుంది. తప్పు ఘడియకు చేరితే అడ్డు తగులుతుంది. ఏ వేగంలో మేలు జరుగవలెనన్నది గొట్టం పొడవును, వెడల్పును బట్టి నిర్ణయమవుతుంది. వెడల్పైన, అడ్డులేని గొట్టం సాధారణంగా మిక్కిలి ఎక్కువ చుట్లలో కొంత బలమిచ్చి, తక్కువ చుట్లలో లాగుడును హరిస్తుంది.

రెండు స్ట్రోకుల బండ్లలో ఈ సంగతి మరింత స్పష్టం. తూర్పు జర్మనీలో ఎం.జెడ్. సంస్థ ఇంజనీరు వాల్టర్ కాడెన్ 1950 దశకంలో గొట్టం ఉబ్బును, సన్నమును లెక్కకట్టి, బయటికి జారిపోయే పెట్రోలు ఆవిరిని అలతోనే వెనుకకు త్రోయించాడు. 1961లో ఆ సంస్థ పందెగాడు ఎర్న్‌స్ట్ డెగ్నర్ స్వీడన్‌లో పందెం నాడు పారిపోయి జపానులోని సుజుకీ సంస్థలో చేరాడు. మరుసటి సంవత్సరమే 50 సి.సి. ప్రపంచ విజేత అయినాడు. ఒక గొట్టం లోపలి ఆకారానికి అంత విలువ ఉన్నది. 1985 నుండి 1996 వరకు మన దేశంలో తయారైన యమహా ఆర్.ఎక్స్. 100 గొట్టాన్ని చప్పుడు కొరకు కోసివేసినవారు, తమ బండి బలాన్నే కోసివేసుకొన్నారని దీనివలన తెలుస్తుంది.

ఇప్పుడు నిర్మల్ నుండి ఆదిలాబాదుకు పాతబాట మీద మహబూబు ఘాటు ఎక్కే సంసారిని తలచుకొనుడు. వెనుక భార్య, ముందు బిడ్డ, ప్రక్కన సంచి. అతనికి కావలసినది ఏ బలం? మలుపు వద్ద వేగం తగ్గినప్పుడు ఇంజను ఆగిపోకుండా లాగే బలం. కరీంనగరం అంగడి వీధిలో ఆగి ఆగి పోయేవానికి కూడా అదే బలం. పందెపు గొట్టం ఇచ్చేది ఆ బలం కాదు. అది ఇచ్చే చోటు వారిద్దరి ప్రయాణంలోనూ ఎదురుకాదు.

ఎన్నిక చేయవలసినవారు మొదట చూడవలసినది బండి పుట్టిన సంవత్సరం. 2020 ఏప్రిల్ 1 నుండి భారత్ స్టేజి-6 ప్రమాణాలు వచ్చినవి. ఈ బండ్ల పొగదారిలో కేటలిటిక్ కన్వర్టరు ఉంటుంది. దానిలోని ప్లాటినం, పెల్లాడియం, రోడియం వంటి లోహాలు కార్బన్ మోనాక్సైడును, మండని పెట్రోలు ఆవిరిని, నైట్రోజన్ ఆక్సైడులను చాలవరకు హానిలేని వాయువులుగా మారుస్తవి. గొట్టమంతా విప్పి క్రొత్తది వేస్తే ఇది కూడా పోతుంది. చప్పుడుతోపాటు విషం కూడా వీధికి వస్తుంది. చివరి డబ్బాను మాత్రమే మార్చితే అనేక బండ్లలో ఇది నిలుస్తుంది. అయినా ముందుగా విచారించవలెను. పాత కార్బురేటరు బండిలో గొట్టం వదులైతే పెట్రోలు పాలు తగ్గి ఇంజను వేడెక్కుతుంది. జెట్టు మార్చక తప్పదు.

తరువాత లోహం. ఒక లీటరు పెట్రోలు మండితే దరిదాపు ఒక లీటరు నీరు ఆవిరిగా పుడుతుంది. ఆదిలాబాదు చలికాలపు తెల్లవారుజామున ఆ ఆవిరి చల్లని గొట్టంలో నీరై నిలుస్తుంది. ఊరిలోనే కొద్దిదూరాలు తిరిగే బండికి ఆ నీరు ఆరకనే ఇంజను ఆగుతుంది. మామూలు ఇనుము లోపలి నుండి తుప్పుపడుతుంది. స్టెయిన్‌లెస్ ఉక్కు ధర ఎక్కువైనా ఎక్కువ కాలం మన్నుతుంది. వానకాలంలో వాగులు దాటేవారికి గొట్టం కొస ఎత్తున ఉండుట మేలు. వెనుక కూర్చునే స్త్రీల చీర అంచుకు, పిల్లల పాదాలకు వేడి తగులకుండా కవచం ఉన్నదా లేదా అన్నది కూడా తప్పక చూడవలెను.

ఇక చట్టం. 1989 నాటి కేంద్ర మోటారు వాహనాల నియమాలలో 120వది ప్రతి వాహనానికి సైలెన్సరు ఉండవలెనని విధించింది. 1988 చట్టంలోని 52వ విభాగం తయారీదారు నిర్ణయించిన రీతికి విరుద్ధంగా బండిని మార్చుటను నిషేధిస్తున్నది. 2019 జనవరిలో సుప్రీం కోర్టు దీనినే గట్టిగా పలికింది. 2019 సవరణ ప్రకారం అనుమతిలేని ఒక్కొక్క మార్పుకు అయిదువేల రూపాయల జరిమానాగాని, ఆరునెలల వరకు జైలుగాని, రెండునుగాని పడవచ్చును. ధ్వని, పొగ ప్రమాణాలు మీరితే పదివేల వరకు జరిమానా, మూడునెలల వరకు జైలు, లైసెన్సుకు మూడునెలల ఎడబాటు కూడా ఉన్నవి. కాబట్టి అంగడిలో దొరుకుట వేరు, బాట మీద చెల్లుట వేరు. కొనేవాడు అడుగవలసిన మొదటి ప్రశ్న "ఎంత?" అని కాదు, "ఈ బండికి దీనికి ఆమోదమున్నదా?" అని.

ఇప్పుడు మళ్ళీ పాఠశాలకు రావలెను. విద్యార్థులు ఈ లెక్కను నల్లబల్ల మీద వేసి చూడవచ్చును. 2005 నుండి అమలైన ప్రమాణాలు 175 సి.సి. దాటిన మోటారు సైకిలు తయారైనప్పుడు, పరీక్షలో ఏడున్నర మీటర్ల దూరాన, 80 డెసిబెల్స్ మించరాదన్నవి. దూరం రెట్టింపైన ప్రతిసారి ధ్వని సుమారు ఆరు డెసిబెల్స్ తగ్గుతుంది. ఆ విధంగా 120 మీటర్ల వద్దకు 80 కాస్తా 56 అవుతుంది. లోపలి అడ్డు తీసిన బండి 100 డెసిబెల్స్ పలికితే, అదే దూరాన 76 మిగులుతుంది. ఒక మీటరు దూరాన మామూలు సంభాషణ సుమారు 60. పది డెసిబెల్స్ పెరిగితే ధ్వనిశక్తి పదింతలు. ఇరవై పెరిగితే నూరింతలు. అనగా ఆ ఒక్క బండి నూరు మంచి బండ్ల మ్రోతను ఒంటరిగా మోసుకొని పోతున్నది. 2000 నాటి ధ్వని కాలుష్య నియమాలు పాఠశాలల, ఆసుపత్రుల చుట్టూ నూరు మీటర్ల వరకు నిశ్శబ్ద మండలంగా భావించి, పగటి సగటు 50, రాత్రి సగటు 40 డెసిబెల్స్ అని హద్దు పెట్టినవి. ఒక్క క్షణం పోయే బండి ఆ సగటును మార్చకపోవచ్చును. కాని తెగిన పాఠం సగటును చూచి తెగదు.

ఆదిలాబాదు గోండుల పల్లెలలో దండారి డప్పు మ్రోగేది దీపావళి రోజులలో. ఆ మ్రోత కొరకు ఊరంతా సంవత్సరమంతా ఎదురుచూస్తుంది. దానికి ఒక కాలమున్నది, వినేవారి సమ్మతి ఉన్నది. అర్ధరాత్రి ఆసుపత్రి ముందు పోయే గొట్టానికి ఆ రెండూ లేవు.

వెనుక బెంచీలోని కుర్రవానికి బండి మీద ప్రీతి ఉండుట తప్పు కాదు. యంత్రాన్ని ప్రేమించినవాడే దానిని అర్థం చేసుకొంటాడు. వాడు ఒకనాడు మెకానిక్ షెడ్డు ముందు నిలిచి, గోడకు వ్రేలాడే మెరుగు గొట్టాలను చూస్తాడు. కిటికీ వద్ద ఆగిపోయిన తన ఉపాధ్యాయుని పెదవులు ఆ క్షణంలో వానికి గుర్తుకు వస్తే, ఎన్నిక కష్టం కాదు.