ముల్లు మారితే గొంతు మారుతుంది!

రికార్డు అదే. పాట అదే. పాడిన గొంతూ అదే. రికార్డును తాకే ముల్లు ఒక్కటే మారింది. అంతే... ఇందాకటిదాకా పక్కగదిలోంచి పాడుతున్నట్టున్న గాయని మన ముందుకొచ్చి కూర్చుంటుంది! ఆ తేడా కోసమే యాభై అరవై ఏళ్లనాటి కార్ట్రిడ్జిలూ టర్న్‌టేబుళ్లూ ఎక్కడున్నా వెతికి తెచ్చుకుంటారు కొందరు. తుడిచి, బిగించి, తూకమేసి మరీ వింటారు.

మా తాతయ్య దగ్గర ఒక రికార్డు ప్లేయర్ ఉండేది. నాకు ఊహ తెలిసేసరికే దానికి మాట పడిపోయింది. లేసుగుడ్డ కప్పుకుని, టీవీ పక్కన చిన్న బల్లలా మిగిలింది. దాని కింద అట్టపెట్టెలో రికార్డులు. నానమ్మ వాటిని ఇప్పటికీ 'ప్లేట్లు' అనే అంటుంది. అన్నిట్లోకీ ఎక్కువ నలిగింది ఎమ్మెస్ సుబ్బులక్ష్మి పాడిన వేంకటేశ్వర సుప్రభాతం. 1963లో వచ్చిన ఆ ఎల్పీ ఎన్ని ఇళ్లను నిద్రలేపిందో లెక్కలేదు. మా ఇంటి ప్లేటు మాత్రం నలుపు వదిలి బూడిదరంగుకు తిరిగింది. ముల్లు ఎప్పుడైనా మార్చారా అనడిగితే, 'మార్చడం ఎందుకూ, పాడుతూనే ఉండేదిగా' అంది నానమ్మ.

చాలా ఇళ్లలో జరిగింది ఇదే. రికార్డు పాతబడి పాడైపోయిందనుకుంటాం. నిజానికి దాన్ని పాడుచేసింది వయసు కాదు, అరిగిపోయిన ముల్లు.

సైకిలు డైనమో లాంటిదే

ఎల్పీ రికార్డు మీది గాడి దాదాపు తలవెంట్రుకంత వెడల్పు. ఒక్క వైపు గాడిని సాగదీసి పరిస్తే అర కిలోమీటరుకు అటూఇటూగా వస్తుంది. దాని గోడల మీది ఎత్తుపల్లాలే పాట. ఆ గాడిలో నడిచేది వజ్రపు మొన. మొన ఊగితే దాన్ని పట్టుకున్న సన్నటి గొట్టం ఊగుతుంది. గొట్టం రెండో చివర బుల్లి అయస్కాంతం, దాని పక్కనే రాగితీగ చుట్టలు. వెనకటి సైకిళ్లకు డైనమో ఉండేది, గుర్తుందా? టైరుకు ఆనించి తొక్కితే దీపం వెలిగేది. ఇదీ అంతే. కాకపోతే ఇక్కడ పుట్టే కరెంటు వోల్టులో కొన్ని వేలవంతులే. ఇలా అయస్కాంతం కదిలేదాన్ని 'మూవింగ్ మాగ్నెట్' అంటారు. అయస్కాంతాన్ని కదలకుండా పెట్టి తీగచుట్టను కదిలిస్తే అది 'మూవింగ్ కాయిల్'. అందులో పుట్టే కరెంటు సాధారణంగా ఇంకా తక్కువ. ఈ సరంజామా అంతా ఇమిడిన బుల్లి డబ్బానే కార్ట్రిడ్జి.

మొన ఆకారం, గొట్టం బరువు, దాన్ని పట్టి ఉంచే రబ్బరు బిగువు... వీటిలో ఏది మారినా ధ్వని మారుతుంది. ఇందులో మాయా లేదు, మంత్రమూ లేదు.

ఒక కాఫీ... గంటల కొద్దీ సంగీతం

ఈ సరదాను తపస్సులా చేసినవాళ్లు జపానువాళ్లు. రెండో ప్రపంచయుద్ధం తర్వాత అక్కడ విదేశీ రికార్డు కొనడం సామాన్యుడి వల్ల అయ్యేది కాదు. అందుకే 'జాజ్ కిస్సా'లనే కాఫీ దుకాణాలకు గిరాకీ పెరిగింది. ఒక కాఫీ చెప్పి గంటలకొద్దీ సంగీతం వింటూ కూర్చోవచ్చు. కొన్నిచోట్ల మాట్లాడటం కూడా నిషేధం! ఇచినోసెకి అనే ఊళ్లో 1970లో మొదలైన 'బేసీ' అలాంటివాటిలో బాగా పేరుమోసింది. ఇలాంటిచోట కాఫీ ఒక్కటే బాగుంటే చాలదు, ధ్వనీ బాగుండాలి. అలా ఏ రికార్డుకు ఏ కార్ట్రిడ్జి నప్పుతుందన్నది అక్కడ పెద్ద విద్యే అయి కూర్చుంది.

ఆ విద్యకు కలిసొచ్చింది హెడ్‌షెల్. టర్న్‌టేబుల్ చేతికి చివర తగిలించే చిన్న తొడుగు ఇది. కార్ట్రిడ్జిని ముందే అందులో బిగించి ఉంచుకుంటే, బల్బు మార్చినంత తేలిగ్గా మార్చేయొచ్చు. అందుకే ఒక్క టర్న్‌టేబుల్‌కు పది కార్ట్రిడ్జిలు పెట్టుకునేవాళ్లు ఉన్నారు. ఏ పెళ్లికి ఏ చీర అన్నట్టు, ఏ పాటకు ఏ ముల్లో ఎంచుకుంటారన్నమాట.

జపాన్ ప్రసార సంస్థ ఎన్‌హెచ్‌కేతో కలిసి డెనాన్ 1960ల మొదట్లో రూపొందించిన కార్ట్రిడ్జి డీఎల్-103. రేడియోస్టేషన్లో రోజంతా మొరాయించకుండా పనిచేయాలి కదా... గుండ్రటి మొన, మొండి ఒళ్లు. అది ఇప్పటికీ తయారవుతోంది. డెన్మార్క్ కంపెనీ ఆర్టోఫోన్ తెచ్చిన ఎస్‌పీయూ 1959 నాటిది. హెడ్‌షెల్‌తో కలిపి 30 గ్రాములు దాటుతుంది. రికార్డు మీద 4 గ్రాముల దాకా బరువు మోపుతుంది. గొంతూ అలాంటిదే. రాగం తీసి పద్యం అందుకున్న నాటకాల రాయుడిలా నిండుగా ఉంటుంది. దానికి పూర్తిగా వేరు అమెరికా షూర్ కంపెనీవాళ్ల వీ15. 1964లో మొదలై, 1973లో మూడో రకం వచ్చేసరికి ఒక్క గ్రాము బరువుతోనే గాడిని వదలకుండా పట్టుకునే నేర్పు సంపాదించింది. ఇక బ్రిటన్‌వాళ్ల డెక్కా ఉందే, అందులో గొట్టమే ఉండదు. కదలికను మొన దగ్గరే పట్టేస్తుంది. డోలు దెబ్బకు ఉలిక్కిపడాల్సిందే!

కార్ట్రిడ్జి ఎంత గొప్పదైనా పళ్లెం నిలకడగా తిరగకపోతే దండగ. ఇంగ్లండ్‌లోని స్విండన్‌లో 1950ల్లో తయారైన గ్యారార్డ్ 301 కోసం ఈ పిచ్చి ఉన్నవాళ్లు ఇప్పటికీ ప్రాణం పెడతారు. బీబీసీ కూడా వాడిన యంత్రం అది. మోటారుకూ పళ్లేనికీ మధ్య ఉండే రబ్బరు చక్రంతో తిరుగుతుంది. మోటారు అదురు ముల్లుదాకా రాకుండా కింద పలకరాతి దిమ్మ చేయించుకునేవాళ్లూ ఉన్నారు. అన్నట్టు, గ్యారార్డ్ పేరు 2018లో ఎస్ఎంఈ అనే బ్రిటిష్ కంపెనీ చేతికి వచ్చింది. దానికి రెండేళ్ల ముందు ఆ ఎస్ఎంఈని కొన్నది మన పుణెలో మూలాలున్న కేడెన్స్ గ్రూపు!

వింటే అరుగుతుంది... దాస్తే ఎండుతుంది

ఇంత సరదాలోనూ ఒక గుబులుంది. వజ్రమే అయినా కొన్ని వందల గంటలు నడిచాక మొన అరగడం మొదలవుతుంది. పోనీ వినకుండా భద్రంగా దాచుకుందామా అంటే, గొట్టాన్ని పట్టి ఉంచే రబ్బరు డబ్బాలో ఉండగానే గట్టిపడుతుంది, లేదంటే జిగురులా మారుతుంది. 'సీలు కూడా విప్పలేదండీ' అని ఎవరైనా పాత కార్ట్రిడ్జి అమ్మజూపితే తొందరపడొద్దు. అది వాడినదానికన్నా అధ్వానంగా ఉండొచ్చు.

షూర్ కంపెనీ 2018లో కార్ట్రిడ్జిల తయారీకే స్వస్తి పలికింది. వీ15లో 1982 నాటి రకానికి బెరీలియం అనే లోహపు గొట్టం వాడారు. చాలా తేలిక, చాలా గట్టి. దాని పొడి ఊపిరితిత్తులకు విషం. అలాంటిది మళ్లీ చేయించుకోవడం అంత తేలిక కాదు. కాస్త ఊరట ఏమిటంటే, మూవింగ్ మాగ్నెట్ రకాల్లో ముల్లును చేత్తోనే లాగి కొత్తది పెట్టుకోవచ్చు. జపాన్‌లో జైకో అనే కంపెనీ పాత రకాలెన్నిటికో ఇంకా ముళ్లు చేస్తోంది. 1873లో కుట్టుసూదులతో మొదలైన కంపెనీ అది! మూవింగ్ కాయిల్ అయితే చెయ్యి తిరిగిన పనివాడు భూతద్దం కింద పెట్టి బాగుచేయాలి. ముల్లూ మారి, గొట్టమూ మారి, రబ్బరూ మారాక అది పాతదేనా అంటే... ఆ గొడవ ఎప్పటికీ తెగదు.

పాతదల్లా బంగారం అనుకోనక్కర్లేదు. కొలతల్లో కొత్తవే మెరుగని తేలిన సందర్భాలు బోలెడు. పైగా మన చెవులు మహా మోసకారివి. రెండిట్లో ఏది కాస్త గట్టిగా మోగితే అదే బాగుందనిపిస్తుంది. అందుకే తెలిసినవాళ్లు ముందు రెండిటి శబ్దాన్నీ సమానం చేసుకుని, ఆ తర్వాతే పోల్చుకుంటారు.

మా ప్లేటు మళ్లీ పాడింది

పాత రికార్డులు భద్రపరిచేవాళ్లకు ఒక కిటుకు తెలుసు. గుండ్రటి మొన గాడి గోడను ఒక్కచోటే తాకుతుంది. ఏళ్లతరబడి అరిగేదీ అక్కడే. ఆకారమో కొలతో వేరే ఉన్న మొన పెడితే, అరగని చోటును తాకి అక్కడ మిగిలిన పాటను పైకి తెస్తుంది. అందుకే 78 రికార్డుల కోసం రకరకాల సైజుల ముళ్లు దగ్గర ఉంచుకుంటారు. 78 గాడి వెడల్పు, ఎల్పీది సన్నం. మన ఇళ్లలోని ప్లేయర్లలో ముల్లు పక్కనే ఒక చిన్న మీట ఉండేది, ఇటు తిప్పితే 78కి, అటు తిప్పితే ఎల్పీకి. అది తిప్పడం మరిచిపోయి ఎన్ని ఎల్పీలను గీకేశారో పాపం!

మా సుప్రభాతం ప్లేటును సికింద్రాబాద్‌లో ఉండే ఒక పెద్దాయన దగ్గరికి తీసుకెళ్లాను. రైల్వేలో పనిచేసి రిటైరయ్యారు. పేరు రాయొద్దన్నారు. ముందు రికార్డును కడిగి ఆరబెట్టారు. గుండ్రటి మొనున్న కార్ట్రిడ్జితో వేస్తే పెనం మీద నీళ్లు చల్లినట్టు చిటపటలు. ఆ వెనకెక్కడో ఎమ్మెస్. హెడ్‌షెల్ మార్చారు. ఈసారిది 1970ల నాటి జపాన్ కార్ట్రిడ్జి. దానిది షిబాటా మొన. నాలుగు స్పీకర్ల రికార్డుల కోసం అప్పట్లో అక్కడి ఇంజినీరు ఒకాయన రూపొందించింది. గోడను ఒక చుక్కలా కాకుండా పైనుంచి కిందికి గీతలా తాకుతుంది. బుల్లి త్రాసు మీద బరువు సరిచూసి, చెయ్యి దించారు.

చిటపటలు పూర్తిగా పోలేదు. కానీ వెనక్కి తగ్గాయి. గొంతు ముందుకొచ్చింది.

ఆ కార్ట్రిడ్జికి ఇంకో ముల్లు ఆయనకు దొరకలేదు. ఉన్నది అరిగితే అంతే. ఇలాంటి అరిగిన ప్లేటు కోసం దాన్ని ఎందుకు వాడారని అడిగాను. ఆయన నవ్వి, పక్కనున్న నోటుపుస్తకం తీశారు. ఏ ముల్లు ఎంతసేపు నడిచిందో అందులో లెక్క. ఆ రోజు తేదీ వేసి, ఎదురుగా '25 నిమిషాలు' అని రాసుకున్నారు.

నేను నానమ్మకు ఫోన్ చేసి, స్పీకర్ల వైపు పెట్టాను. చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. ఉన్నట్టుండి, 'ఉండు, ఇప్పుడు టక్కుమంటుంది చూడు. మీ నాన్న చిన్నప్పుడు చెయ్యి తగిలించి గీత పెట్టాడు' అంది.

టక్కుమంది.